ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినా ఇంపోర్ట్ కావట్లేదా? ముందు ఏ పైథాన్ నడుస్తోందో చూడండి

మీరు రాసినదాన్ని ముందు వరసలో పెడతాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. విండోస్ ల్యాప్‌టాప్, పైథాన్ 3.12. డెస్క్‌టాప్ మీద ప్రాజెక్ట్ ఫోల్డర్ పెట్టుకుని అందులో వెన్వ్ (ఒక ప్రాజెక్ట్ ప్యాకేజీలను విడిగా ఉంచే పైథాన్ ఎన్విరాన్‌మెంట్) చేసుకున్నారు. రిక్వెస్ట్స్, బ్యూటిఫుల్ సూప్ ప్యాకేజీలు వేసుకున్నారు, అన్నీ బాగానే నడిచాయి. తర్వాత సీ డ్రైవ్ నిండిపోతోందని ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవ్‌కి మార్చారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మామూలుగానే యాక్టివేట్ చేసి, పాండాస్ ఇన్‌స్టాల్ చేశారు. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రోగ్రామ్ నడిపితే రిక్వెస్ట్స్ లేదంటోంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రన్ నొక్కితే రిక్వెస్ట్స్ దొరుకుతోంది కానీ పాండాస్ లేదంటోంది. మళ్లీ ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ కొడితే (పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ‘రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ సాటిస్ఫైడ్’, అంటే ముందే ఉంది, అని వస్తోంది. పైథాన్‌నే తీసేసి మళ్లీ వేయాలా అని అడిగారు.

వద్దు. మీ పైథాన్‌కి ఏమీ కాలేదు, పాండాస్ కూడా సరిగ్గానే దిగింది. కాకపోతే ప్యాకేజీ వేసింది ఒక పైథాన్‌కి, ప్రోగ్రామ్ నడుపుతున్నది ఇంకో పైథాన్‌తో. ఒక చోట ఒకటి లేదని, ఇంకో చోట ఇంకోటి లేదని వస్తోందంటేనే విషయం తెలిసిపోతోంది. ఇంపోర్ట్ ఎర్రర్ అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి. అందుకే ప్యాకేజీని పదేపదే తీసి వేసే ముందు, ఇప్పుడు నడుస్తున్నది ఏ పైథాన్ అన్నది చూడమంటాను.

(కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులో కొట్టండి.)

ఫోల్డర్ మారిస్తే ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే వెన్వ్ లోపల ఏముందో చూడాలి. నిజానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. 2012లో పైథాన్ 3.3తో వెన్వ్ పైథాన్‌లోనే భాగంగా వచ్చింది, దాని నిర్మాణం ఇప్పటికీ దాదాపు అంతే. పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘హోమ్’ అని ఒక లైన్, అసలు పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉందో దాని ఎదురుగా కనిపిస్తుంది. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో పైథాన్.ఈఎక్స్ఈ, పిప్.ఈఎక్స్ఈ, యాక్టివేట్ ఫైళ్లు ఉంటాయి (లైనక్స్, మ్యాక్‌లలో ఈ ఫోల్డర్ పేరు బిన్). లిబ్ లోపల సైట్-ప్యాకేజెస్ ఉంటుంది, మీరు వేసే ప్యాకేజీలన్నీ దిగేది అక్కడే.

యాక్టివేట్ చేయడం అంటే ఏదో ప్రత్యేకమైన మోడ్‌లోకి వెళ్లడం అనుకుంటారు చాలామంది. అది చేసేదల్లా పాత్ వేరియబుల్ (కమాండ్ల కోసం వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) ముందు స్క్రిప్ట్స్ ఫోల్డర్ అడ్రస్‌ని చేర్చడం, ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో వెన్వ్ అని రాయడం. అంతకు మించి దాదాపు ఏమీ లేదు. మీరు పైథాన్ అని కొట్టగానే విండోస్ ఆ పాత్‌లోని ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది, ముందు దొరికిన పైథాన్‌ని నడిపిస్తుంది.

కమాండ్ ప్రాంప్ట్ వాడే యాక్టివేట్.బ్యాట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అందులో మీ పాత డెస్క్‌టాప్ అడ్రస్ పూర్తిగా, అక్షరం పొల్లు పోకుండా రాసి ఉంటుంది. వెన్వ్ తయారైనప్పుడే ఆ అడ్రస్‌ని అందులో రాసేస్తారు. మీరు ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌కి మార్చినా ఆ ఫైల్‌కి తెలియదు. కాబట్టి యాక్టివేట్ చేసినప్పుడు అది ఇప్పుడు లేని డెస్క్‌టాప్ ఫోల్డర్‌నే పాత్‌లో ముందు పెట్టింది. ప్రాంప్ట్ ముందు వెన్వ్ అని కూడా రాసింది. విండోస్ ఆ ఫోల్డర్‌ని వెతికింది, లేదు, చప్పుడు చేయకుండా తర్వాతి దానికి వెళ్లి మీ సిస్టమ్‌లోని అసలు పైథాన్‌ని పట్టుకుంది. పిప్ కూడా అలాగే అసలు పైథాన్‌దే దొరికింది. పాండాస్ అక్కడికి దిగింది. రిక్వెస్ట్స్ అక్కడ ఎప్పుడూ లేదు, అది డీ డ్రైవ్‌లోని వెన్వ్‌లో ఉంది.

వీఎస్ కోడ్ సంగతి వేరు. అది యాక్టివేట్ మీద ఆధారపడకుండా, మీరు ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్‌ని (కోడ్ నడిపే పైథాన్‌ని) పూర్తి అడ్రస్‌తో పిలుస్తుంది. రన్ నొక్కగానే టెర్మినల్‌లో వచ్చే మొదటి లైన్ చూడండి, డీ డ్రైవ్‌లోని వెన్వ్ పైథాన్.ఈఎక్స్ఈ అడ్రస్ అందులోనే ఉంటుంది. ఆ పైథాన్ ఇంకా పనిచేస్తోంది, ఎందుకంటే అది పైవెన్వ్.సీఎఫ్‌జీలోని హోమ్ లైన్ చదువుకుని అసలు పైథాన్‌ని వెతుక్కుంటుంది, ఆ అసలు పైథాన్ కదల్లేదు. దాని సైట్-ప్యాకేజెస్‌లో రిక్వెస్ట్స్ ఉంది, పాండాస్ లేదు. మీకు రెండు చోట్లా వచ్చిన రెండు ఎర్రర్లకీ లెక్క సరిపోయింది కదా.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. మీ ప్రోగ్రామ్‌లో మొట్టమొదట, మిగతా ఇంపోర్ట్‌లన్నిటికంటే పైన, ‘ఇంపోర్ట్ సిస్’ అని, దాని కింద ‘ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)’ అని రాయండి. రెండు చోట్లా నడపండి. రెండు వేర్వేరు అడ్రస్‌లు వస్తాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పిప్ --వెర్షన్’ కొట్టండి. వెర్షన్ నంబర్ పక్కనే ‘ఫ్రమ్’ అని ఆ పిప్ ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా చెప్తుంది. ‘వేర్ పైథాన్’ అని కొడితే పాత్‌లో ఉన్న పైథాన్‌లన్నీ వరసగా వస్తాయి, పైన ఉన్నదే నడిచేది. పవర్‌షెల్‌లో అయితే ‘వేర్’ అనేది వేరే కమాండ్, అక్కడ ‘వేర్.ఈఎక్స్ఈ పైథాన్’ అని కొట్టాలి. ఆ జాబితాలో విండోస్‌యాప్స్ ఫోల్డర్‌లోని పైథాన్ ఒకటి కనిపిస్తే కంగారు పడకండి. స్టోర్ నుంచి పైథాన్ వేసుకోని మెషీన్‌లో అది ఉత్త డమ్మీ, స్టోర్‌ని తెరవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టింది. అదే అన్నిటికంటే పైన ఉంటే మాత్రం సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్ అని వెతికి, పైథాన్ పేరున్నవి ఆఫ్ చేయండి.

మీకు వచ్చిన ‘ఆల్రెడీ సాటిస్ఫైడ్’ లైన్‌ని కూడా చివరి దాకా చదవండి. అందరూ ఆ రెండు మాటలు చూసి ఆగిపోతారు. ఆ లైన్‌లో ప్యాకేజీ పేరు తర్వాత ‘ఇన్’ అని ఒక ఫోల్డర్ అడ్రస్ ఉంటుంది. మీ విషయంలో అది యాప్‌డేటా, లోకల్, ప్రోగ్రామ్స్, పైథాన్, పైథాన్312 అంటూ సాగి సైట్-ప్యాకేజెస్ దగ్గర ఆగాలి. అందులో మీ ప్రాజెక్ట్ పేరు ఎక్కడా ఉండదు. పిప్ మీకు జవాబు మొదటి రోజే చెప్పేసింది.

ఇక సరిచేయడం. యాక్టివేట్.బ్యాట్‌లో అడ్రస్ మార్చుకుంటే సరిపోదా అనిపిస్తుంది. అలా చేయకండి. పిప్.ఈఎక్స్ఈ లోపల కూడా పాత అడ్రసే ఉంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో మార్చలేరు. వెన్వ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడం, కాపీ చేయడం కుదరదనీ, కొత్త చోట మళ్లీ తయారుచేసుకోవాలనీ పైథాన్ డాక్యుమెంటేషనే చెప్తోంది. మళ్లీ చేయడం పెద్ద పని కూడా కాదు.

డీ డ్రైవ్‌లోని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి, ముందు పాత వెన్వ్‌లో ఏమున్నాయో రాసి పెట్టుకోండి: ‘వెన్వ్\స్క్రిప్ట్స్\పైథాన్ -ఎమ్ పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ’. ఇక్కడ ఉత్త పైథాన్ అని కాకుండా పూర్తి దారి ఇవ్వడం ముఖ్యం, లేకపోతే అసలు పైథాన్‌లో ఉన్న ప్యాకేజీల జాబితా వచ్చేస్తుంది. ఆ తర్వాత వీఎస్ కోడ్, కమాండ్ ప్రాంప్ట్ రెండూ మూసేసి వెన్వ్ ఫోల్డర్‌ని డిలీట్ చేయండి. తెరిచి ఉంటే ఫైల్ వాడుకలో ఉందని విండోస్ అడ్డుపడుతుంది. కొత్త కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పీవై -3.12 -ఎమ్ వెన్వ్ వెన్వ్’ అని కొట్టండి. యాక్టివేట్ చేయండి. ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ’, దాని తర్వాత ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’. చివరగా వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ దగ్గర ఈ కొత్త వెన్వ్‌ని ఎంచుకోండి. మీ పని అయిపోయింది.

ఉత్త పిప్ అని కాకుండా ప్రతిసారీ ‘పైథాన్ -ఎమ్ పిప్’ అని ఎందుకు రాశానో గమనించారా? ఉత్త పిప్ అంటే పాత్‌లో ముందు దొరికిన పిప్, అది ఏ పైథాన్‌దైనా కావచ్చు. ‘పైథాన్ -ఎమ్ పిప్’ అంటే, ఏ పైథాన్‌ని పిలిచారో దానికే ప్యాకేజీ పడుతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకోమని మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్తాను.

ఇంకొకటి కూడా చేసుకోండి. విండోస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పిప్_రిక్వైర్_వర్చువల్ఎన్వ్ అనే పేరుతో (మొత్తం పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లు) ‘ట్రూ’ అని పెట్టండి. ఆ తర్వాత వెన్వ్ బయట పిప్ ఇన్‌స్టాల్ కొడితే పిప్ ఒప్పుకోదు, యాక్టివేట్ అయిన ఎన్విరాన్‌మెంట్ ఏదీ లేదని ఆపేస్తుంది. ఇది ముందే ఉండుంటే, పాండాస్ తప్పు చోటికి వెళ్తున్న ఆ క్షణంలోనే మీకు తెలిసిపోయేది.

మీరు పవర్‌షెల్ వాడి ఉంటే ఇదే తప్పు ఇంకోలా బయటపడేది. పవర్‌షెల్ వాడే యాక్టివేట్ ఫైల్ తను ఉన్న చోటుని అప్పటికప్పుడు చూసుకుంటుంది కాబట్టి కొత్త అడ్రస్‌నే పాత్‌లో పెట్టేది. కానీ పిప్ కొట్టగానే ‘ఫేటల్ ఎర్రర్ ఇన్ లాంచర్’ అని వచ్చేది, ఎందుకంటే పిప్.ఈఎక్స్ఈ పాత డెస్క్‌టాప్ పైథాన్‌ని వెతుకుతుంది. లైనక్స్‌లో దీనికే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని వస్తుంది. ఏ రూపంలో వచ్చినా మందు ఒకటే, వెన్వ్‌ని మళ్లీ చేయడం. పవర్‌షెల్‌లో యాక్టివేట్ అసలు నడవకుండా ‘రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్’ అని ఎర్రటి అక్షరాల్లో వస్తే అది వెన్వ్ తప్పు కాదు, విండోస్ పాలసీ. ‘సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -స్కోప్ కరెంట్‌యూజర్ రిమోట్‌సైన్డ్’ అని ఒకసారి కొడితే చాలు.

పాండాస్ వేశారంటే రేపో మాపో జుపిటర్ నోట్‌బుక్ కూడా తెరుస్తారు, దాని గురించి ఇప్పుడే చెప్పేస్తాను. నోట్‌బుక్‌ని నడిపే పైథాన్ దాని కెర్నల్. మీరు ఏ టెర్మినల్ నుంచి జుపిటర్‌ని తెరిచారన్నదానికీ, కెర్నల్‌కీ సంబంధం ఉండాలని లేదు. అందుకని నోట్‌బుక్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి !పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టకండి, అది షెల్‌లో దొరికిన పిప్‌ని పిలుస్తుంది. పర్సెంట్ గుర్తు పెట్టి %పిప్ ఇన్‌స్టాల్ అని కొడితే ఆ కెర్నల్ పైథాన్‌కే దిగుతుంది. మీ వెన్వ్ కెర్నల్ జాబితాలో కనిపించకపోతే, వెన్వ్‌లో ఐపైకెర్నల్ ప్యాకేజీ వేసి ‘పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్’ తర్వాత మీకు నచ్చిన పేరు ఇవ్వండి. నోట్‌బుక్‌లో కూడా సిస్.ఎగ్జిక్యూటబుల్ పరీక్ష అలాగే పనిచేస్తుంది.

సరైన పైథానే నడుస్తోంది, ప్యాకేజీ కూడా దానికే వేశారు, అయినా దొరకట్లేదంటే అప్పుడు పేర్లు చూడాలి. పిప్‌కి ఇచ్చే పేరు, ఇంపోర్ట్‌లో రాసే పేరు ఒకటే కావాలని లేదు. మీరు వాడుతున్న బ్యూటిఫుల్ సూప్‌నే చూడండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్యూటిఫుల్‌సూప్4, ఇంపోర్ట్ చేసేటప్పుడు బీఎస్4. ఓపెన్‌సీవీ-పైథాన్ వేస్తే ఇంపోర్ట్ సీవీ2. పిల్లో వేస్తే పీఐఎల్. సైకిట్-లెర్న్ వేస్తే ఎస్‌కేలెర్న్. పైయామల్ వేస్తే యామల్.

ఇందులో ఎక్కువమంది ఇరుక్కునేది వర్డ్ ఫైళ్ల దగ్గర. ప్రోగ్రామ్‌లో ‘ఇంపోర్ట్ డాక్స్’ అని ఉంటుంది, ఎర్రర్ కూడా డాక్స్ లేదని చెప్తుంది. సహజంగానే పిప్ ఇన్‌స్టాల్ డాక్స్ కొడతారు. ఆ పేరుతో నిజంగానే ఒక ప్యాకేజీ ఉంది, పైథాన్ 2 కాలం నాటిది. అది దిగుతుంది, ఇంపోర్ట్ చేయగానే ఈసారి ‘ఎక్సెప్షన్స్’ అనే మాడ్యూల్ లేదని కొత్త ఎర్రర్ ఇస్తుంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్తే సాయంత్రమవుతుంది. వేయాల్సింది పైథాన్-డాక్స్, అంతకు ముందు ఆ పాతదాన్ని తీసేయాలి. ఎర్రర్‌లో వచ్చిన పేరుని కాపీ చేసి కళ్లు మూసుకుని ఇన్‌స్టాల్ చేయొద్దని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రసిద్ధ ప్యాకేజీల పేర్లకి దగ్గరగా ఉండే పేర్లతో వైరస్ కోడ్ పెట్టినవాళ్లు పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే సైట్) చాలాసార్లు దొరికారు. చాట్‌బాట్ చెప్పిన పేరైనా సరే, ముందు ఆ ప్యాకేజీ పేజీ తెరిచి ఎవరిదో చూసి అప్పుడే వేయండి.

పేర్ల దగ్గరే ఇంకో చిక్కు, మన సొంత ఫైలే అడ్డం పడటం. ప్రాక్టీస్ కోసమని రాసిన ఫైల్‌కి పాండాస్.పీవై అనో, రాండమ్.పీవై అనో పేరు పెడతారు. పైథాన్ మాడ్యూళ్లను వెతికేటప్పుడు ముందు చూసేది మీరు నడిపిన ఫైల్ ఉన్న ఫోల్డర్‌నే, సైట్-ప్యాకేజెస్ వంతు చివర్లో. కాబట్టి మీ ఫైలే దొరుకుతుంది. అప్పుడు ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ అని, సర్క్యులర్ ఇంపోర్ట్ (ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడం) కావచ్చు అని వస్తుంది. ఆ మాట చూసి లేని సర్క్యులర్ ఇంపోర్ట్ కోసం వెతక్కండి, ఫైల్ పేరు మార్చండి. అనుమానం ఉంటే ఇంపోర్ట్ తర్వాత ఆ మాడ్యూల్ పేరుకి చుక్క పెట్టి __ఫైల్__ ప్రింట్ చేయండి, ఏ ఫైల్ నుంచి వచ్చిందో తెలుస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీ పేర్ల విషయంలో పైథాన్ 3.13 నుంచి ఎర్రర్‌లోనే పేరు మార్చమని సలహా వస్తోంది.

మీరు 3.12 వాడుతున్నారు కాబట్టి ఇది కూడా తెలుసుకోవాలి. ఆ వెర్షన్‌లో డిస్ట్‌యుటిల్స్‌ని (ప్యాకేజీలు తయారుచేసే పాత మాడ్యూల్) పైథాన్ నుంచి తీసేశారు, వెన్వ్ చేసినప్పుడు సెటప్‌టూల్స్ (అదే పని చేసే ప్యాకేజీ) దానంతట అది రావడం కూడా ఆగిపోయింది. పాత ట్యుటోరియల్ కోడ్ నడిపినప్పుడు ‘నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్’ అని వస్తే, వెన్వ్‌లో సెటప్‌టూల్స్ వేస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఇంకా మంచిది, ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ ఉందేమో చూడటం.

ఎర్రర్ పేరు కూడా జాగ్రత్తగా చదవండి. ‘మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్’ అంటే అసలు దొరకలేదని. ఉత్త ‘ఇంపోర్ట్‌ఎర్రర్’ అయితే చాలావరకు మాడ్యూల్ దొరికింది, తెరవడంలోనే ఏదో విరిగింది. ‘డీఎల్‌ఎల్ లోడ్ ఫెయిల్డ్’ అని ఉంటే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ లేకపోవడం ఒక సాధారణ కారణం. పాండాస్‌తో పాటు వచ్చే నంపై విషయంలో ఇంకోటి ఉంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది, నంపై 1 కోసం కంపైల్ చేసిన పాత ప్యాకేజీలు దాంతో నడవవు. ఎర్రర్‌లో ‘కంపైల్డ్ యూజింగ్ నంపై 1.ఎక్స్’ అని గానీ, ‘డీటైప్ సైజ్ ఛేంజ్డ్’ అని గానీ కనిపిస్తే ఆ పాత ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేయండి. దానికి కొత్త వెర్షన్ లేకపోతేనే నంపైని 2 కంటే కిందకి దించండి.

మీ క్లాస్‌మేట్ ఉబుంటు వాడుతున్నారని రాశారు, వారి కోసం కొంచెం. ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని వస్తే అది సిస్టమ్ పైథాన్‌ని కాపాడటానికి పెట్టిన అడ్డు. డెబియన్ 12, ఉబుంటు 24.04 లాంటి వాటన్నిటిలో ఉంది. అదే ఎర్రర్‌లో కనిపించే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ మాత్రం వాడొద్దనండి, దాని పేరులో ఉన్నదే అది చేయగలదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్’ కొట్టి, వెన్వ్ చేసుకుని అందులో వేసుకోవాలి. యాక్టివేట్ చేశాక ‘సుడో పైథాన్’ అని నడిపితే మళ్లీ మొదటికే వస్తుంది, సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) మామూలుగా మీ పాత్‌ని పక్కన పెట్టేసి తన పాత్ వాడుకుంటుంది. సుడో తప్పనిసరైతే వెన్వ్ పైథాన్ పూర్తి అడ్రస్ ఇవ్వాలి. క్రాన్‌లో (టైమ్ ప్రకారం ప్రోగ్రామ్‌లను నడిపేది) పెట్టే పనులకీ ఇదే వర్తిస్తుంది. వారు యూవీతో (పిప్, వెన్వ్‌ల పని చేసే ఇంకో టూల్) ఎన్విరాన్‌మెంట్ చేసుకుంటే ఇంకోటి గుర్తుంచుకోవాలి, యూవీ చేసే వెన్వ్‌లో పిప్ ఉండదు. అందులో ఉత్త పిప్ కొడితే పాత్‌లో తర్వాత ఉన్న సిస్టమ్ పిప్ దొరుకుతుంది, మీకు జరిగిందే వారికీ జరుగుతుంది. అక్కడ ‘యూవీ పిప్ ఇన్‌స్టాల్’ అనే కొట్టాలి.

వెన్వ్‌ని మళ్లీ చేశాక కూడా ఎర్రర్ పోకపోతే మూడు విషయాలు పంపండి: సిస్.ఎగ్జిక్యూటబుల్ ఏం ప్రింట్ చేసిందో, అదే పైథాన్‌తో ‘-ఎమ్ పిప్ --వెర్షన్’ కొడితే ఏం వచ్చిందో, ఎర్రర్ పై లైన్ నుంచి కింది లైన్ దాకా మొత్తం. ఫొటో తీయకుండా టెక్స్ట్‌గానే కాపీ చేయండి, అడ్రస్‌లలో ఒక్క అక్షరం తేడా కూడా కనిపించాలి.